మీ మడమ మీది బొబ్బే చెబుతోంది

ప్రశ్న: నేను రాజమహేంద్రవరంలో హైస్కూలు టీచరుని. వయసు 46. నిరుడు అండమాన్ వెళ్లినప్పుడు మొదటిసారి స్నార్కెలింగ్ (గొట్టంతో ఊపిరి తీసుకుంటూ నీటి మీద తేలి కిందికి చూడడం) చేశాను. పడవ వాళ్లు ఇచ్చిన ఫిన్స్, అంటే కాళ్లకు తొడుక్కునే ఈత రెక్కలు, వేసుకుని పావుగంట ఈదేసరికి రెండు పిక్కలూ పట్టేశాయి. మడమల వెనక బొబ్బలు లేచి, మిగిలిన మూడు రోజులూ చెప్పులు వేసుకోలేకపోయాను. కుడి మోకాలు కూడా కాస్త నొప్పి. ఈ జనవరిలో మళ్లీ వెళుతున్నాం. పంతొమ్మిదేళ్ల మా అమ్మాయి సిలిండరుతో నీటి లోపలికి దిగే స్కూబా కోర్సు చేస్తానంటోంది. నేను రెండు మూడు డైవ్‌లు చేసి, మిగతా రోజులు స్నార్కెలింగ్ చేద్దామనుకుంటున్నాను. అన్నిటికన్నా తేలికైన ఫిన్స్ ఏవి? రెండింటికీ ఒకే జత సరిపోతుందా? మా మేనల్లుడు పొడవాటి కార్బన్ ఫిన్స్ కొనమంటున్నాడు, ఈకలా ఉంటాయట. నేనూ అమ్మాయీ ఒకే జత వాడుకోవచ్చా?
– ఒక పాఠకురాలు

సమాధానం:

టీచరు గారూ,

మీ ఉత్తరం చదువుతూ నేను ఆగిపోయింది మడమల మీది బొబ్బల దగ్గర. ఫిన్ బిగుతుగా ఉంటే బొటనవేలు నొప్పి పెడుతుంది, గోరు నల్లబడుతుంది, అరికాలు తిమ్మిరెక్కుతుంది. మడమ వెనక చర్మం లేచిందంటే మాత్రం ఫిన్ వదులుగా ఉండి, కాలు ఆడించిన ప్రతిసారీ అక్కడే రాసుకుంటూ వచ్చిందన్నమాట. కొత్త చెప్పు కరవడం లాంటిదే ఇదీ. కాకపోతే ఒడ్డున చెప్పు కరిస్తే విప్పి చేత్తో పట్టుకుని నడుస్తాం. నీళ్లలో ఆ వీలు లేదు.

వదులు ఫిన్ చేసే రెండో అపకారం పైకి కనిపించదు. అది ఊడిపోతుందేమోనని మనకు తెలియకుండానే కాలి వేళ్లు ముడుచుకుని దాన్ని పట్టుకుంటాయి. పట్టీ సాగిపోయిన హవాయి చెప్పులతో నాలుగు మెట్లు గబగబా ఎక్కి చూడండి, వేళ్లు ఏం చేస్తాయో తెలుస్తుంది. ఆ వేళ్లను ముడిచే కండరాల్లో ముఖ్యమైనవి పిక్కలోనే మొదలవుతాయి. పావుగంట సేపు వాటికి సడలింపు లేకపోతే పిక్క పట్టేయక తప్పదు. అందుకని నిరుటి బాధకు బరువు కన్నా వదులే కారణమని నా నమ్మకం. ఇప్పుడు ఎంత తేలికైన ఫిన్స్ కొన్నా, అవి మళ్లీ వదులైతే ఈ జనవరిలోనూ అదే బాధ తప్పదు.

ఫిన్‌లో రెండు భాగాలుంటాయి. పాదం దూరే తొడుగు ఒకటి, నీటిని నెట్టే రెక్క ఒకటి. దుకాణంలో అందరి కళ్లూ రెక్క మీద పడతాయి. రంగు, పొడవు, గాడులు, చీలికలు అన్నీ అక్కడే ఉంటాయి మరి. మీరు మాత్రం ముందు తొడుగు చూడండి, తర్వాత రెక్క మెత్తదనం చూడండి, ఆ తర్వాతే త్రాసు మీద పెట్టండి.

తొడుగు చూసే పద్ధతి కాస్త ఓపికగా చెబుతాను, ఎందుకంటే అసలు సంగతంతా ఇక్కడే ఉంది. దుకాణానికి సాయంత్రం పూట వెళ్లండి. రోజంతా తరగతిలో నిలబడిన పాదం సాయంత్రానికి కొంచెం ఉబ్బి ఉంటుంది, ఎండలో పడవ మీద కూర్చున్న పాదం కూడా అంతే. మన నంబర్లలో 5 వేసుకునేవారికి ఐరోపా లెక్కలో 38 వస్తుంది. మడమ మూసి ఉండే ఫిన్స్ సాధారణంగా 38-39, 40-41 అని రెండేసి నంబర్లకు కలిపి ఒక సైజుగా వస్తాయి. అంటే 38 పాదానికి 38-39 ఫిన్ కాస్త వదులు కావచ్చు, 39కి అతికినట్టు ఉండవచ్చు. పైగా ఒక్కో కంపెనీ కొలత ఒక్కో రకం. కాబట్టి నంబరు చూసి కొనేయకండి, కాలికి తొడిగి చూడండి. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే మార్చుకునే వీలుందో లేదో ముందే కనుక్కోండి.

తొడిగాక కూర్చుని కాలు గాల్లోకి ఎత్తి, చీలమండను అటూ ఇటూ గట్టిగా విదిలించండి. ఫిన్ కదలాలి, దానితో పాటే పాదమూ కదలాలి. ఫిన్ ఒకవైపు, పాదం మరోవైపు పోతుంటే అది మీది కాదు. తర్వాత గోడ పట్టుకుని లేచి, మడమలు మెల్లగా ఎత్తండి. తొడుగులోంచి మడమ బయటికి వచ్చేస్తే వదులు. వేళ్లు లోపల చాపుకుని ఉండాలి, ముడుచుకోకూడదు. పాదం పైభాగాన, వంపు దగ్గర, తొడుగు అంచు కోసుకుపోతున్నట్టు ఉండకూడదు. ఇవన్నీ బాగున్నాక కూడా వెంటనే విప్పకండి. పది నిమిషాలు అలాగే కూర్చోండి. రెండు నిమిషాల్లో తెలియని నొప్పి పదో నిమిషంలో బయటపడుతుంది. పాదం, తొడుగు తడిశాక పట్టు తగ్గుతుంది కాబట్టి పొడి కాలికి కొంచెం గట్టిగా ఉన్నదే నీళ్లలో సరిగ్గా ఉంటుంది. రెండు సైజుల మధ్య ఇరుక్కుంటే పెద్దది తీసుకుని, రెండు మిల్లీమీటర్ల నియోప్రీన్ మేజోళ్లు వేసుకోండి. నియోప్రీన్ అంటే డైవింగ్ సూట్లు కుట్టే ఆ మెత్తటి, స్పాంజి లాంటి రబ్బరే. మీ మడమల చర్మం ఒకసారి దెబ్బతింది కనుక, సైజు సరిపోయినా ఆ మేజోళ్లు వేసుకోమనే చెబుతాను.

ఇంత పట్టుబట్టడానికి నా అనుభవం ఒకటి ఉంది. డైవింగ్ నేర్చుకున్న కొత్తలో, కర్ణాటకలో మురుడేశ్వర్ తీరానికి ఎదురుగా ఉన్న నేత్రాణి దీవి దగ్గరికి వెళ్లాను. అద్దెకు ఇచ్చినాయన నా సైజు లేదని ఒక నంబరు పెద్దవి చేతిలో పెట్టాడు. సర్దుకోవచ్చులే అనుకున్నాను. పడవ అంచు నుంచి నీళ్లలోకి అడుగు వేయగానే ఎడమ కాలిది ఊడిపోయింది. బరువైన నల్ల రబ్బరు ఫిన్ అది. నీళ్లు అద్దంలా ఉన్నాయి, అది మెల్లగా పల్టీలు కొడుతూ నీలంలోకి దిగిపోవడం చివరిదాకా చూస్తూనే ఉన్నాను. ఒంటి ఫిన్‌తో తన్నితే మనిషి ఒక పక్కకే తిరుగుతాడు. తాడు పట్టుకుని పడవ ఎక్కేదాకా గుండె దడ తగ్గలేదు. ఆ రోజు నుంచీ సరిపోని ఫిన్స్‌తో నేను నీళ్లలో దిగలేదు, నా దగ్గర నేర్చుకునేవారిని దిగనివ్వలేదు.

ఫిన్స్ రకాలకు వద్దాం. మడమ మూసి ఉండి ఉత్త కాలికి తొడుక్కునేవి ఒక రకం. మడమ తెరిచి ఉండి, వెనక పట్టీతో బిగించుకునేవి మరో రకం. పట్టీ ఫిన్స్‌లో చాలావాటికి లోపల రబ్బరు అడుగున్న నియోప్రీన్ బూట్లు వేసుకోవాలి. రాళ్ల మీద, సముద్రపు ముళ్లకాయలు (ఒంటినిండా ముళ్లుండే చిన్న జీవులు) ఉన్న చోట నడిచి నీళ్లలో దిగేవారికి ఆ బూట్లు ప్రాణం. మీరు పడవ మీంచే దిగుతారు, నీరు గోరువెచ్చగా ఉంటుంది. మీకు మడమ మూసినవి చాలు. బూట్ల బరువు, పట్టీ బరువు తప్పుతాయి.

మోకాలు నొప్పి కదా, వంగి మడమ లాక్కోవడం ఎలా అన్న సందేహం మీకు రావచ్చు. తొడుగు మడమ భాగాన్ని ముందుగా వెనక్కి మడిచి ఉంచండి. కాలు, ఫిన్ రెండూ తడపండి. బెంచీ మీద కూర్చుని, నొప్పి ఉన్న కాలిని రెండో మోకాలి మీద అడ్డంగా వేసుకుని పాదాన్ని లోపలికి తోయండి. వేళ్లు చివరికంటా చేరాక, మడిచిన మడమ భాగాన్ని బొటనవేలితో పైకి తిప్పేస్తే దానంతటదే మడమ మీద కూర్చుంటుంది. ఇంట్లో నాలుగుసార్లు చేస్తే చేతికి అలవాటవుతుంది. కాలు అలా అడ్డంగా వేసుకోవడమే కష్టమైతే అప్పుడు పట్టీ రకానికి వెళ్లండి. పట్టీలో కూడా బకిల్ ఉన్నది వద్దు, సాగే తాడుతో గానీ స్టీలు స్ప్రింగుతో గానీ చేసినది చూడండి. దానికి వెనక ఒక రింగు ఉంటుంది, వేలు పెట్టి లాగి వదిలితే సరి.

ఇక బరువు. త్రాసు మీద తేలిక వేరు, నీళ్లలో తేలిక వేరు. గట్టి రబ్బరు ఫిన్స్ నీళ్లలో మునుగుతాయి. 1965లో వచ్చిన జెట్ ఫిన్ ఈ రకానికి పెద్ద పేరు, జత రెండు కిలోలు దాటుతుంది, నేటికీ దానికి అభిమానులున్నారు. చలి సముద్రాల్లో మందపాటి సూట్లు వేసుకునేవారికి కాళ్లు పైకి తేలిపోతుంటాయి, వాళ్లకు ఆ బరువు మేలు చేస్తుంది. అండమాన్‌లో నీటి వేడి 27 నుంచి 30 డిగ్రీల దాకా ఉంటుంది, పల్చటి సూటు చాలు. అక్కడ మన కాళ్లు వాటంతటవే కిందికి దిగుతాయి, బరువైన ఫిన్ వాటిని మరింత లాగుతుంది. మనిషి నీళ్లలో పడుకున్నట్టు కాకుండా ఏటవాలుగా నిలబడిపోతాడు. తలుపును అంచు వైపు నుంచి నీళ్లలోకి తోయడం తేలిక, వెడల్పు వైపు నుంచి తోయడం కష్టం. ఏటవాలు మనిషి ఆ వెడల్పు తలుపు లాంటివాడు. సగం శ్రమ నీటిని ఒంటితో నెట్టడానికే పోతుంది.

అలాగని పూర్తిగా పైకి తేలేవీ మంచివి కావు. స్నార్కెలింగ్‌లో రెక్కలు నీళ్లలోంచి బయటికొచ్చి టపటపమని గాలిని కొడుతుంటాయి, ముందుకు మాత్రం కదలం. మునగక, తేలక నీటి మధ్యలో నిలిచేది మీకు సరైనది. ప్లాస్టిక్ రెక్క, మెత్తటి రబ్బరు తొడుగు ఉన్నవాటిలో ఇలాంటివి ఎక్కువగా దొరుకుతాయి. నీళ్ల తొట్టెలో వేసి చూస్తే ఇట్టే తెలిసిపోతుంది.

రెక్క పొడవు సంగతి. తొడుగుతో కలిపి నలభై సెంటీమీటర్ల పొట్టి ఫిన్స్ స్నార్కెలింగ్‌కు హాయిగా ఉంటాయి, పెట్టెలో ఇమిడిపోతాయి. కానీ వీపున సిలిండరు ఎక్కాక నీటి నిరోధం పెరుగుతుంది, చిన్న ప్రవాహం ఎదురైనా పొట్టి రెక్క చాలదు. కాబట్టి మీ రెండో ప్రశ్నకు జవాబు: ఒకే జత సరిపోతుంది, అది అరవై సెంటీమీటర్లకు అటూ ఇటూగా ఉండే మధ్యరకం అయితే. కొస పట్టుకుని వంచితే అంతగా బలం పెట్టకుండానే వంగాలి, వదిలితే చటుక్కున నిటారుగా రావాలి. వంగి వంగినట్టే ఉండిపోయేది నీటిని నెట్టదు, అసలు వంగనిది మీ పిక్కను వదలదు.

వేగం కావాలంటే శ్రమ ఇచ్చుకోవాల్సిన ఈ బేరం మూడు వందల ఏళ్ల నాటిది. అమెరికా శాస్త్రవేత్త, రాజనీతిజ్ఞుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ కుర్రవాడిగా ఉన్నప్పుడు, చిత్రకారులు రంగులు కలుపుకునే పలకల్లాంటి చెక్కలు చేసుకుని చేతులకు పెట్టుకుని ఈదాడు. వేగం పెరిగిందనీ, మణికట్లు మాత్రం అలసిపోయాయనీ పెద్దయ్యాక రాసుకున్నాడు. కాళ్లకూ చెప్పుల్లాంటివి కట్టి చూశాడు గానీ వాటితో తృప్తి పడలేదు. 1933లో ఫ్రెంచి నావికాదళ మాజీ అధికారి లూయీ ద కోర్లియూ రబ్బరు ఫిన్స్‌కు పేటెంట్ పొందాకే ఇవి మనం ఎరిగిన రూపానికి వచ్చాయి. పెద్ద రెక్క ఎక్కువ నీటిని నెడుతుంది, ఆ నెట్టే బలం మాత్రం మన కాలిలోంచే రావాలి. ఈ లెక్క అప్పుడూ ఇప్పుడూ ఒక్కటే.

మీ మేనల్లుడు చెప్పిన కార్బన్ ఫిన్స్ నిజంగానే తేలిక. అవి ఒక్క శ్వాసతో లోతుకు దిగి వచ్చే ఫ్రీడైవర్ల కోసం చేసినవి, ఎనభై తొంభై సెంటీమీటర్ల పొడవుంటాయి. నడుము నుంచి నిదానంగా, నిండుగా తన్నడం వచ్చినవారి చేతిలో అద్భుతం. కానీ అంత పొడవు రెక్క నీటిలో తిరిగేటప్పుడు చీలమండ మీద, మోకాలి మీద పడే భారం ఎక్కువ. మీ మోకాలికి నేను ఒప్పుకోను. పైగా వెనక అంత దూరాన ఏం తగులుతోందో కొత్తవారికి తెలియదు. మేనల్లుడి మీద కోపం వద్దు, బరువు ఒక్కటే చూస్తే ఆయన మాట సరైనదే.

మోకాలి కోసం మధ్యలో చీలిన రెక్కల ఫిన్స్ కూడా ఒకసారి చూడవచ్చు. చిన్న చిన్న తన్నులతో నడుస్తాయి, కాలికి భారం తక్కువ. ఉన్నచోటే తిరగడానికి, వెనక్కి రావడానికి అంతగా పనికిరావు, ఖరీదు కూడా ఎక్కువే. మీ అవసరానికి మధ్యరకం మెత్తటి రెక్కే చాలునని నా అభిప్రాయం.

అమ్మాయి సంగతి వేరు. తను ఇప్పుడే కొనకపోవడం మంచిది. కోర్సులో సామగ్రి సాధారణంగా నేర్పేవారే ఇస్తారు. డైవింగ్ శిక్షణనిచ్చే అంతర్జాతీయ సంస్థ ‘పాడి’ (PADI) వారి తొలి మెట్టు అయిన ఓపెన్ వాటర్ కోర్సులో ఆగకుండా 200 మీటర్లు ఈదాలి, లేదా మాస్కు, స్నార్కెల్, ఫిన్స్‌తో 300 మీటర్లు ఈదాలి. పది నిమిషాలు ఆధారం లేకుండా తేలాలి. ఆ కోర్సు రోజుల్లో రెండు మూడు రకాల ఫిన్స్ అడిగి వేసుకుని చూడమనండి. ఏది తన కాలికి హాయిగా ఉందో తెలిశాక, డైవింగ్ కొనసాగిస్తుందనుకుంటే బూట్లతో వేసుకునే పట్టీ రకం కొనుక్కోవచ్చు. ఇద్దరూ ఒకే జత వాడుకోవడం మాత్రం కుదరదు. పట్టీ పొడవును సవరిస్తుంది గానీ తొడుగు వెడల్పును సవరించదు. అయినా తల్లీకూతుళ్లు ఒకేసారి నీళ్లలో ఉండాలనే కదా వెళుతున్నది!

ఇప్పటి నుంచి జనవరి దాకా వారానికి రెండు రోజులైనా ఈతకొలనులో ఫిన్స్‌తో సాధన చేయండి, కొలను వాళ్ల అనుమతి తీసుకుని. కొత్తవారిలో చాలామంది సైకిల్ తొక్కినట్టు మోకాళ్లు పొట్ట వైపు లాక్కుంటూ తన్నుతారు. దానివల్ల కదలిక రాదు, మోకాలు మాత్రం అరుగుతుంది. కొలను అంచు పట్టుకుని బోర్లా తేలి, కాలిని తొడ మొదలు నుంచి కదపండి. మోకాలు కొద్దిగా సడలి ఉంటే చాలు. నిదానంగా, వెడల్పుగా తన్నండి. మొదటి రోజు ఐదు నిమిషాలు చేసినా గొప్పే.

సముద్రంలో మళ్లీ పిక్క పట్టేస్తే ఈదడం ఆపేయండి, పక్కవారికి సైగ చేయండి. వెల్లకిలా తేలి, ఆ కాలి ఫిన్ కొసను చేత్తో పట్టుకుని, మోకాలు చాపుతూ కొసను మీ వైపు లాక్కోండి. పిక్క సాగి మెల్లగా వదులుతుంది. దీన్ని కూడా కొలనులోనే నేర్చుకోండి. డైవ్‌కు ముందు ఆరోగ్య ప్రశ్నల పత్రం ఇస్తారు, 45 దాటినవారికి అందులో విడిగా ప్రశ్నలుంటాయి. మోకాలితో సహా ఏదీ దాచకుండా రాయండి. డాక్టరును కలిసే పని ఉంటే ఊళ్లోనే, బయల్దేరే ముందే పూర్తి చేసుకోండి.

ఫిన్స్ వేసుకుని పడవ మీద నడవకండి. తప్పనిసరైతే వెనక్కి అడుగులు వేయాలి, ముందుకు నడిస్తే కొస తట్టుకుని బోర్లా పడతారు. తిరిగి ఎక్కేటప్పుడు నిచ్చెన చేతికి చిక్కాకే విప్పండి, ముందు విప్పితే ఒక అల చాలు మిమ్మల్ని దూరంగా లాగేయడానికి. లోతు తక్కువ చోట అలసిపోతే కిందికి కాళ్లు దించి నిలబడాలనిపిస్తుంది, దయచేసి ఆ పని చేయకండి. మీ కింద ఉన్నది రాయిలా కనిపించినా పగడం కావచ్చు. మన దేశంలో పగడాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో రక్షణ ఉంది, పులికి ఉన్నట్టే. కొమ్మల పగడం ఏడాదికి పెరిగేది కొన్ని సెంటీమీటర్లే, ఒక ఫిన్ తాకిడికి ఎన్నో ఏళ్ల పెరుగుదల విరిగిపోతుంది. లైఫ్ జాకెట్ ఉంటుంది కదా, వెల్లకిలా తిరిగి ఆకాశం చూస్తూ ఊపిరి తీసుకోండి.

కొన్నది ఏ కారణంగానైనా అందకపోయినా దిగులుపడకండి. పడవ వాళ్లనే ఇంకో సైజు అడగండి, ఇబ్బంది పడకుండా అడగండి. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు శ్రీ విజయపురంలో (పాత పేరు పోర్ట్ బ్లెయిర్) చాలా ఉన్నాయి, పడవ మీద తెలుగు వచ్చినవారు తారసపడినా ఆశ్చర్యం లేదు. మీ నియోప్రీన్ మేజోళ్లు మాత్రం వెంట ఉండాలి. అద్దె ఫిన్స్‌లో కాస్త వదులుంటే అవే పూడుస్తాయి.

దేశీయ విమానాల్లో సాధారణ టికెట్టుకు చాలావరకు 15 కిలోల సామాను అనుమతిస్తారు. మధ్యరకం ఫిన్స్ సూట్‌కేసులో అడుగున ఏటవాలుగా పడతాయి. తొడుగులు నొక్కుకుపోకుండా లోపల బట్టలు కుక్కండి. తిరిగొచ్చాక మంచినీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టి, మంచం కింద పడుకోబెట్టండి. కొస మీద నిలబెడితే రెక్క వంకర తిరుగుతుంది.

కొలనులో మొదటి వారం అయ్యాక మడమలు ఎలా ఉన్నాయో రాయండి. కొంచెం ఎర్రబడినా చెప్పండి, సైజు మార్చుకోవడానికి అప్పటికింకా సమయం ఉంటుంది.